వరంగల్‌ల బైక్ ట్రయల్స్: ఎక్కడ నేర్చుకుందాం, పదిమందికి ఎట్ల చూపిద్దాం?

గుట్టదారి, హన్మకొండ

అందరికీ నమస్తే. మన దగ్గర సైకిల్ తొక్కేటోళ్లు బాగనే పెరిగిన్రు. పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట దిక్కు పోయినా, వడ్డేపల్లి కట్ట దిక్కు పోయినా హెల్మెట్లు కనబడుతున్నయి. అయితే మాట్లాడుకునేదంతా కిలోమీటర్ల ముచ్చటే. నేను ఇంకో ఆట గురించి అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్న. అదే బైక్ ట్రయల్స్. సీటు లేని సైకిల్ మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా బండ మీదికి ఎక్కాలె, దుంగ దాటాలె, దిమ్మె మీదికెళ్లి దిమ్మె మీదికి దుంకాలె. ఎవరు ముందు పోయిన్రన్నది ఈ ఆటల లెక్కే కాదు. ఎవరు కుదురుగ పోయిన్రన్నదే చూస్తరు.

తెల్వనోళ్ల కోసం కొద్దిగ చెప్త. ఇది మోటార్ సైకిల్ ట్రయల్స్‌లకెళ్లి పుట్టింది. స్పెయిన్‌ల కాటలోనియా దిక్కు 1970లల్ల పెరె పీ అని ఒక మోటార్ సైకిల్ రైడర్, తన కొడుకు ఓట్ పీ సాధన చేసుకోవాలని చిన్న సైకిల్‌ను ఈ పనికి తగ్గట్టు చేయించిండు. తర్వాత ఆ పిల్లగాడే ప్రపంచ ఛాంపియన్ అయిండు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 1986 నుంచి ట్రయల్స్‌కు ప్రపంచ పోటీలు పెడుతున్నది. మనల చాలామందికి మాత్రం 2009ల డానీ మెకాస్కిల్ వీడియోతోనే ఇట్లాంటిది ఒకటి ఉన్నదని తెలిసింది. అప్పుడాయన ఎడిన్‌బరాల ఒక సైకిల్ దుకాణంల పనిచేస్తుండె.

నా మాట ఒక్కటే. ఈ ఆటకు కావలసిన బండ మనకు ఉన్నంత ఎవరికీ లేదు. ధర్మసాగర్ దిక్కు పో, మడికొండ దిక్కు పో, అంతా గ్రానైటే. బండ ఉన్నది, పిల్లలున్నరు. నేర్పే చోటు లేదు, ఇది ఆట అని గుర్తించే కండ్లు లేవు. ఎవరన్నా తొక్కుతున్నరా? తొక్కాలని ఉన్నోళ్లు ఎంతమంది?

కాజీపేట_పెడల్

అన్నా, నాకు మస్తు ఇష్టం. పాత ఎంటీబీ (గుట్టల మీద తొక్కే మౌంటెన్ బైక్) మీద రైల్వే కాలనీల ఫుట్‌పాత్ ఎక్కుడు దిగుడు చేస్తున్న. నిలబడి ఆపుడు కొంచెం వస్తది. వెనక చక్రం మీద ఎగురుడు అస్సలు వస్తలేదు. ఖిలా వరంగల్‌ల ఏకశిల గుట్ట మీద చేస్తే వీడియో అదిరిపోతదని మా దోస్తులు అంటున్నరు. ఎవరన్నా కలిసి వస్తరా?

ఓరుగల్లు_రాయి

తమ్మీ, ఆ ఆలోచన ఇప్పుడే మానుకో. కోపంతోని చెప్తలేను, అక్కగ చెప్తున్న. ఏకశిల, కీర్తి తోరణాలు, ఖుష్ మహల్ ఉన్నది కోటల. కేంద్ర పురావస్తు శాఖ రక్షణల ఉన్న చోటు అది. 1958 నాటి చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఆ కోటల ఏ రాయి ఉత్త రాయో, ఏ రాయి మీద చెక్కడం ఉన్నదో వంగి చూస్తే తప్ప తెలువది. చెక్కిన స్తంభం ముక్కలు గడ్డిల పడి ఉంటయి. మీ పెడల్ మేకులు, సైకిల్ కింది రేకు ఒక్కసారి గీకితే ఆ గీత మళ్ల పోదు.

పద్మాక్షి గుట్ట గూడ అంతే. అక్కడ జైన శిల్పాలున్నయి, గుడి ఉన్నది, బతుకమ్మకు ఊరంతా అక్కడికే వస్తది. రేగొండ దిక్కు పాండవుల గుట్టల్ల రాతి చిత్రాలున్నయి. రామప్ప సంగతి చెప్పనే అక్కర లేదు, 2021ల ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన గుడి. ఈ చోట్లల్ల ఒక్క పిల్లగాడు సైకిల్ ఎగిరించిన వీడియో బయటికి వచ్చిందనుకో, తెల్లారి నుంచి మీ ఆటకు జిల్లాల ఎక్కడా పర్మిషన్ దొరకది.

కాజీపేట_పెడల్

అర్థమైంది అక్కా. అటు పోము. మరి ఎక్కడ చేయాలె?

గుట్టదారి

అక్క చెప్పింది ఈ చర్చల అందరికీ రూల్ అనుకుందాం. గుడి ఉన్న గుట్ట, చెక్కడం ఉన్న రాయి, కోట, అడవి శాఖ వాళ్ల గుట్టలు, వీటి జోలికి పోవద్దు. ఎవరి చెల్కలనో బండ ఉంటే ఆ రైతును అడగాలె. అడిగితే చాలామంది సరే అంటరు. అడగకుండ పోతేనే లొల్లి.

మానేరు_అమ్మాయి, కరీంనగర్

అన్నా, బండల దాకా ఇప్పుడే పోవుడెందుకు? నేను కొంతకాలంగ తొక్కుతున్న. మొదటి సంవత్సరం అంతా చదునుగ ఉన్న నేల మీదనే గడపొచ్చు. అంత పని ఉంటది అక్కడ.

కాజీపేట తమ్ముడు అడిగిండు కాబట్టి కొంచెం వివరంగ చెప్త. ముందు నిలబడి ఆపుడు. ఏ కాలుతోని బంతి తంతవో చూసుకో, చాలామందికి ఆ కాలే ముందుకు వస్తది. రెండు పెడల్స్ నేలకు సమానంగ ఉండాలె. నేల కొద్దిగ ఎత్తు దిక్కు ఉంటే సులువు. ముందు చక్రాన్ని ముందున్న కాలు దిక్కే కొంచెం తిప్పి, పెడల్ మీద ఒత్తిడి పెట్టుకుంట, విడుచుకుంట ఊగాలె. చూపు చక్రం మీద ఉండొద్దు, నాలుగైదు గజాల అవతల పెట్టు. బ్రేక్ మీద ఒక్కటే వేలు, మిగతా వేళ్లన్నీ హ్యాండిల్‌కే.

అది కుదిరినంక రెండు బ్రేకులు గట్టిగ పట్టుకొని ఉన్న చోటనే రెండు చక్రాల మీద చిన్నగ ఎగురు. ఎడమకు, కుడికి ఎగిరి సైకిల్‌ను జరుపుడు రావాలె. ఆ తర్వాతనే వెనక చక్రం. అక్కడ అందరూ చేతులతోని హ్యాండిల్ లాగుతరు, అది పని చేయదు. వెనక బ్రేక్ వదిలి, ముందు పెడల్‌ను ఒక్క తన్ను తన్నాలె, పావు చుట్టు కన్న తక్కువనే. ముందు చక్రం లేస్తది. లేచిన క్షణంలనే వెనక బ్రేక్ పట్టెయ్యాలె. చేతులు సాగి ఉండాలె, నడుము వెనక్కు పోవాలె. తన్ను, పట్టు, ఎగురు. ఈ మూడు కలిసిన రోజు నుంచి ఆట మొదలైనట్టు. గోడ పక్కన నిలబడి మీదికి దుంకే సైడ్ హాప్ అయినా, రెండు దిమ్మెల నడుమ గ్యాప్ దాటుడైనా అన్నింట్ల ఉన్నది ఈ తన్నే.

ఒక్క దిక్కే సాధన చేయకు. పోటీల బండ ఎటు ఉంటదో నీ చేతిల ఉండది.

కాజీపేట_పెడల్

అక్కా, ఇంత వివరంగ ఎవరూ చెప్పలే. నేను హ్యాండిలే లాగుతున్న! అయితే పెడల్ తన్నినప్పుడు ఒక్కోసారి చైన్ జారినట్టు అయి మోకాలు హ్యాండిల్‌కు తగులుతున్నది.

చౌరస్తా_మెకానిక్

అది చైన్ కాదు బాబూ, ఫ్రీవీల్, అంటే తొక్కితే పట్టుకొని, తొక్కుడు ఆపితే వదిలే పల్లు చక్రం. వెంటనే తొక్కుడు ఆపు. మామూలు ఫ్రీవీల్ లోపల చిన్న కొక్కేలు ఉంటయి, అవి అరిగితే తన్నినప్పుడు పట్టవు. రోడ్డు మీద తొక్కేటోనికి తెలువది. నువ్వు నీ బరువంతా ఒక్క కాలు మీద వేసి తంతున్నవు, అది జారితే పండ్లు రాలుతయి. కొత్తది వేయించు. చైన్ గూడ సాగిందేమో చూపించు. గేర్ల సైకిల్ అయితే వెనక డిరైలర్, అంటే గేర్లు మార్చేటిది, తీసేసి ఒక్కటే పల్లు చక్రం పెట్టించుకో, చైన్ బిర్రుగ ఉంటది. పాత నమూనా క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఉన్న సైకిల్‌తోని, అంటే పిన్ను కొట్టి బిగించే దానితోని, ఈ పని పెట్టుకోవద్దు. పిన్ను వదులైతది.

నిట్_చక్రం

మెకానిక్ గారు చెప్పిన దానికి లెక్క కలుపుతాను. మాది గుంటూరు, ఇక్కడ నిట్‌లో మెకానికల్ చదువుతున్నానండి. ఫ్రీవీల్ ఒక చుట్టులో 18 చోట్ల పట్టేదనుకోండి. 360ని 18తో భాగిస్తే 20 డిగ్రీలు, అంటే చక్రం దగ్గర పట్టేలోపు అంత ఖాళీ ఉండొచ్చన్నమాట. ముందు 22 పళ్లు, వెనక 18 పళ్లు పెట్టిన సైకిల్ అయితే మీ పెడల్ దగ్గర అది 16 డిగ్రీల పైనే. పావు చుట్టు కూడా లేని తన్నులో అంత ఖాళీ పోతే ఇంకేం మిగులుతుంది? అసలైన ట్రయల్స్ సైకిళ్లలో 108 చోట్ల పట్టే ఫ్రీవీల్ వాడతారు, అదీ ముందు క్రాంక్ మీదే ఉంటుంది. అప్పుడు ఖాళీ మూడు డిగ్రీల చిల్లర. ఈ తేడా కాలికి తెలిసిపోతుంది.

20 అంగుళాల ట్రయల్స్ సైకిల్‌లో ముందు 18, వెనక 12 పళ్లు మామూలుగా కనిపించే అమరిక. ఇంత చిన్న గేర్‌తో రోడ్డు మీద ఎక్కడికీ వెళ్లలేం, కానీ ఒక్క తన్నుకు కావలసిన బలం చక్రానికి అందుతుంది. వెనక టైరు వెడల్పుగా ఉంటుంది, గాలి బాగా తక్కువ పెడతారు. రాయి అంచును టైరు కౌగిలించుకోవాలి కదా. రిమ్ బ్రేకులు వాడేవాళ్లు రిమ్‌ను గ్రైండర్‌తో గరుకు చేస్తారు. బ్రేక్ కొట్టినప్పుడు వచ్చే ఆ కీచు శబ్దం అందుకే.

చౌరస్తా_మెకానిక్

ఆ గ్రైండర్ పని ఇంట్ల చేయకున్రి. పలుచటి రిమ్ అయితే గోడ కోసుకపోతది. నా దగ్గరికి తెస్తే చూసి చెప్త, రిమ్ ఆగేది కాకపోతే కాదనే చెప్త.

అమ్మ_నయీంనగర్

నమస్తే అండి. మా బాబు ఏడో తరగతి. ఈ వీడియోలు చూసి మెట్ల మీద సైకిల్ ఎక్కిస్తున్నాడు, పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారు. నేను వద్దనడానికి రాలేదు. వాడు దేని మీదా ఇంత పట్టుగా కూర్చోవడం నేను చూడలేదు. కానీ మూడు సంగతులు అడగాలి. దెబ్బలు ఎంత తగులుతాయి? దీనికి సర్టిఫికెట్ లాంటిది ఏమైనా వస్తుందా? వాళ్ల నాన్న అడిగే మొదటి ప్రశ్న అదే. ఇంకొకటి, హంటర్ రోడ్డు మీద మోటార్ సైకిళ్లతో విన్యాసాలు చేసే పిల్లల్లాగా అయిపోతాడా అని భయం.

పీఈటీ_పరకాల

అమ్మా, నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. సర్టిఫికెట్ సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ట్రయల్స్ ఒలింపిక్స్‌లో లేదు, మన స్కూల్ గేమ్స్‌లోనూ ఈ విభాగం లేదు. స్పోర్ట్స్ కోటా ఆశతో మొదలుపెట్టించకండి. ఎవరైనా ఆ ఆశ చూపి ఫీజు అడిగితే నమ్మకండి.

అయితే పిల్లవాడికి ఒంట్లోకి వచ్చేది నిజం. తూకం, నడుము బలం, అన్నింటికీ మించి ఓపిక. ఒకే గట్టును పొద్దంతా ఎక్కలేక, మర్నాడు మళ్లీ దానికే వచ్చే పిల్లలు నాకు క్లాసులో దొరకరు. విదేశాల్లో పిల్లలకు విడిగా యూసీఐ ట్రయల్స్ యూత్ గేమ్స్ ఉన్నాయి, అంటే చిన్నప్పటి నుంచి ఆడదగ్గ ఆటగానే వాళ్లు చూస్తారు. మోటార్ సైకిల్ విన్యాసాలకూ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ నడక కంటే నెమ్మదిగా కదులుతారు, మూసి ఉన్న మైదానంలో ఆడతారు.

మానేరు_అమ్మాయి, కరీంనగర్

దెబ్బల గురించి నేను చెప్త ఆంటీ. ఎక్కువ తగిలేది ముంగాలుకే, అంటే మోకాలి కింద ముందు ఎముకకే, పెడల్ జారి కొడుతది. అందుకే మొదటి రోజు నుంచే ముంగాలు ప్యాడ్లు, హెల్మెట్, చేతి గ్లౌజులు. మేకుల పెడల్స్ మొదట్ల వద్దు, ప్లాస్టిక్‌వి పెట్టించున్రి. వెనక్కు పడ్డప్పుడు సైకిల్‌ను వదిలేసి రెండు కాళ్ల మీద దిగుడు కావాలని నేర్పాలె. సీటు లేకపోవుడు అందుకు పనికొస్తది, అడ్డం ఏమీ ఉండది. మెట్ల మీద మాత్రం ఇప్పుడే వద్దు, పడితే దొర్లుతనే ఉంటరు.

మా ఇంట్ల గూడ ముందు ఆడపిల్ల బండల మీద ఎగురుడేంది అన్నరు. జర్మనీకి చెందిన నీనా రైఖెన్‌బాఖ్ పోటీ వీడియో చూపించిన. ఆమె ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్. మా నాయన మొత్తం చూసి, ఈమె ఇంతసేపు కాలు కింద ఎట్ల పెడతలేదని అడిగిండు. ఆ తర్వాత ఆయనే పాత లారీ టైరు తెచ్చి పెరట్ల సగం పాతిపెట్టిండు.

ధర్మసాగర్_రైతుబిడ్డ

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇది చూస్తుంటే నాకొకటి గుర్తుకొస్తున్నది. మన బళ్లల్ల పంద్రాగస్టుకు స్లో సైకిల్ రేస్ పెడుతరు కదా. కాలు కింద పెడితే ఔట్, ఆఖరికి వచ్చినోడు గెలిచినట్టు. మా ఊర్ల దానికి ఇప్పటికీ జనం నిలబడి చూస్తరు. మీరు చెప్పే నిలబడి ఆపుడు అదే కదా?

గుట్టదారి

తమ్మీ, ఈ చర్చల ఇప్పటిదాకా వచ్చినవాటిల ఇదే అన్నింటికన్న గట్టి మాట. మనం ఎక్కడో స్పెయిన్‌లకెళ్లి కొత్త ఆట తెస్తున్నమని చెప్పుకుంటే ఎవ్వరు వినరు. స్లో రేస్ అంటే ముసలోళ్లకు గూడ తెలుసు. దానికే ఒక పలక, ఒక టైరు, ఒక చిన్న దిమ్మె కలిపితే ట్రయల్స్ సెక్షన్, అంటే అడ్డంకులు దాటుకుంట పోయే ఒక దారి, తయారైతది. జనానికి రూల్ గూడ వేరే చెప్పే పని లేదు.

పీఈటీ_పరకాల

సరిగ్గా చెప్పారు. మా బడిలో స్లో రేస్ సామాను ఏమీ అడగని ఆట, సున్నపు గీతలు ఉంటే చాలు. పోటీ రూల్స్ తెలిసినవాళ్లు రాయండి, పిల్లలకు తగ్గట్టు కుదించుకుందాం.

నిట్_చక్రం

యూసీఐ పద్ధతి ఇదండి. ఒక్కో సెక్షన్‌లో ఆరు గేట్లు (దాటాల్సిన గుర్తులు) ఉంటాయి, కాలు పెట్టకుండానో తక్కువసార్లు పెట్టో దాటిన ప్రతి గేటుకు 10 పాయింట్లు. మొత్తం 60. టైం 2 నిమిషాలు. కాలు పెట్టినా, వేరే తప్పు చేసినా పెనాల్టీ, అవి అయిదు అయితే సెక్షన్ అక్కడితో ఆగిపోతుంది. అప్పటిదాకా దాటిన గేట్ల పాయింట్లు మాత్రం మీవే. పాత పద్ధతి తిరగేసి ఉండేది, కాలు పెట్టిన కొద్దీ పాయింట్ పడేది, తక్కువ పాయింట్లు ఉన్నవాడు గెలిచేవాడు. కొత్త పద్ధతి చూసేవాళ్లకు నచ్చుతుంది, అంకె పెరుగుతూ కనిపిస్తుంది కదా. 20 అంగుళాల చక్రాలకు, 26 అంగుళాల చక్రాలకు విడివిడి విభాగాలు ఉంటాయి. 20 అంగుళాల్లో స్పెయిన్ బెనీతో రోస్ ఆట చూడండి, ఒక్క అనవసరమైన ఎగురు ఉండదు.

పీఈటీ_పరకాల

మనం మూడు గేట్లతో మొదలుపెడదాం. అదే రెండు నిమిషాలు. తొలి గేటు ఏ పిల్లవాడైనా దాటేదిగా ఉండాలి. మొదటిసారి వచ్చినవాడు ఒక్క పాయింట్ కూడా లేకుండా ఇంటికి పోతే మళ్లీ రాడు.

కాజీపేట_పెడల్

దిమ్మెలకు ఏం చేద్దాం సార్? కొనాలంటే పైసల్ లేవు.

ధర్మసాగర్_రైతుబిడ్డ

గోదాముల దగ్గర చెక్క పాలెట్లు విరిగినయి పడి ఉంటయి. అడిగితే తక్కువకే ఇస్తరు. ములుగు రోడ్డు దిక్కు టైర్ల దుకాణాలల్ల అరిగిన లారీ టైర్లు దొరుకుతయి.

మానేరు_అమ్మాయి, కరీంనగర్

పాలెట్ అన్నింటికన్న మంచిది. ఒక్కోటి దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటది. ఒకటి ఎక్కుడు వచ్చినంక రెండు, తర్వాత మూడు. ఎంత ఎదిగినమో కండ్ల ముందే కనబడుతది. కానీ రెండింటిని ఒకదానికొకటి తాడుతోనన్నా, మేకులతోనన్నా కట్టాలె. జారితే సైకిల్‌తో పాటే పోతది. పైకి లేచిన మేకులు కొట్టెయ్యాలె. మా దిక్కు గ్రానైట్ క్వారీల దగ్గర పనికిరాని రాళ్లు కుప్పలుగ ఉంటయి, ఓనర్‌ను అడిగితే దొరకొచ్చు. లారీ కిరాయే భారం.

ఓరుగల్లు_రాయి

చూసిన్రా, కోట రాయి అక్కరనే లేదు. నాకు ఇప్పుడు సంతోషంగ ఉన్నది. మీరు సామాను పెట్టే చోట ఒక బోర్డు గూడ రాయున్రి, ఏ గుట్టల మీద తొక్కొద్దో. నేను రాసిస్త.

సుబేదారి_పాతకాపు

తమ్ముళ్లూ, ఉత్సాహం బాగనే ఉన్నది కానీ నా మాట వినున్రి. ఇంతకుముందు గూడ స్కేటింగ్ అన్నరు, ఇంకేదో అన్నరు. నాలుగు ఆదివారాలు నడుస్తది, తర్వాత ఎవరూ రారు. పర్మిషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోతరు. ఒక పిల్లగాని చేయి విరిగితే నిలబెట్టినోని మీదికి వస్తది.

గుట్టదారి

అన్నా, మీ అనుమానం తప్పు కాదు. అందుకే క్లబ్బు, పేరు, టీషర్టులు ఇప్పుడేమీ వద్దనుకుంటున్న. సామాను ఒక్క చోట స్థిరంగ ఉంటే మనిషి రాకపోయినా ఆట ఉంటది. బడిల ఉంటే ఇంకా మంచిది, ప్రతి ఏడు కొత్త పిల్లలు వస్తనే ఉంటరు. దెబ్బ సంగతికి, పెద్దోళ్ల సంతకం లేకుండ 18 లోపు పిల్లలను తొక్కనియ్యద్దు, హెల్మెట్ లేనోళ్లను గీత లోపలికే రానియ్యద్దు. ఎవరి మీద మొహమాటం వద్దు.

పీఈటీ_పరకాల

పర్మిషన్ గురించి. హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియం లాంటి చోటు కావాలంటే జిల్లా యువజన క్రీడల అధికారికి దరఖాస్తు పెట్టాలి. నా సలహా, ముందే అక్కడికి పోవద్దు. మా బడి మైదానంలో హెడ్‌మాస్టర్ గారిని అడిగి స్లో రేస్‌తో కలిపి ఒకసారి పెడదాం. ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం. అది నడిచాక ఫొటోలు, వచ్చిన పిల్లల పేర్లు, పాటించిన రూల్స్ పట్టుకొని పోతే అధికారికి చేతిలో ఏదో ఒకటి పెట్టినట్టు ఉంటుంది. ఉత్త మాటలతో పోతే చూద్దాం అంటారు.

ఎండాకాలం మాత్రం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటితే రాయి ముట్టుకోలేం. వానాకాలం పాచి జారుతుంది. దసరా సెలవుల తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా మనకు బాగుంటుంది.

సుబేదారి_పాతకాపు

బడిల పెట్టుడైతే నేను గూడ వస్త. మా మేనల్లుడు అంబులెన్స్ మీద పనిచేస్తడు, ప్రథమ చికిత్స డబ్బా, మనిషి నా జిమ్మ.

అమ్మ_నయీంనగర్

మా బాబును తీసుకొస్తాను. మెట్లు మానేశాడు. మానేరు అమ్మాయి చెప్పినట్టు వరండాలో నిలబడి ఆపడం చేస్తున్నాడు, వాళ్ల నాన్న సెల్‌లో టైం చూస్తున్నారు. వాడికి 20 అంగుళాల పాత బీఎంఎక్స్ సైకిల్ ఉంది, సరిపోతుందా?

చౌరస్తా_మెకానిక్

మంచిగ సరిపోతది అమ్మా. సీటు పూర్తిగ కిందికి దించున్రి. రెండు బ్రేకులు ఉన్నయా లేదా చూడున్రి, కొన్నింటికి ముందు బ్రేక్ ఉండది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే బోల్ట్ బిర్రు చేయించున్రి. తీసుకొస్తే ఫ్రీవీల్ గూడ చూస్త, పిల్లగాని సైకిల్‌కు చూసినందుకు పైసలు వద్దు.

పీఈటీ_పరకాల

హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడాను. స్లో రేస్‌కు, దాని తర్వాత పాలెట్ల మీద ప్రదర్శనకు సరే అన్నారు. షరతు ఒక్కటే, బడి పిల్లలు ఆ రోజు ఒక పాలెట్ ఎత్తు దాటి ఎక్కకూడదు. తేదీ దసరా సెలవుల తర్వాత చెప్తాను. నాకు పాలెట్లు ఎనిమిది, లారీ టైర్లు మూడు, సున్నం, రెండు స్టాప్‌వాచ్‌లు కావాలి. ఎవరు ఏది తెస్తారో కింద రాయండి.

ధర్మసాగర్_రైతుబిడ్డ

పాలెట్లు నావి. ట్రాక్టర్ ట్రాలీల వేసుకొస్త.

కాజీపేట_పెడల్

టైర్లకు నేనూ, మా దోస్తులు పోతం. ఫ్రీవీల్ కొత్తది వేయించిన, ఇప్పుడు జారుతలేదు. మానేరు అక్కా, నువ్వు వస్తవా?

మానేరు_అమ్మాయి, కరీంనగర్

వస్త తమ్మీ. నా సైకిల్ గూడ తెస్త, అందరూ ఒకసారి ఎక్కి చూడొచ్చు. పరకాల బస్సు మీద సైకిల్ ఎక్కనిస్తరా లేదా ఎవరన్నా కనుక్కొని చెప్పున్రి.